కొన్యూరు చిలుకలు: ఏ యింటికేది తగును?

చిలుకను పెంచుట మన యిండ్లలో నిన్న మొన్నటి ముచ్చట కాదు. వసారాలో పంజరము వ్రేలాడుటయు, అందలి రామచిలుక వచ్చిన చుట్టములను పేరు పెట్టి పిలుచుటయు మన పెద్దలు చూచిన సంగతులే. పూర్వజన్మమున చిలుకను పంజరమున బంధించిన ఫలముగా భక్తరామదాసుకు పండ్రెండేండ్ల చెర ప్రాప్తించెనను కథను మనవారు చెప్పుకొనుచునే యుండిరి. చెప్పుకొనుచునే చిలుకలను పెంచుచునుండిరి! కథ చేయలేని పనిని చట్టము చేసినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను గాని, మన దేశపు అడవిచిలుకలలో మరి దేనిని గాని పట్టుటయు, అమ్ముటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. ఇట్లు ఖాళీ యైన పంజరములోనికి ఇటీవలి కాలమున సముద్రముల కావలి పక్షి యొకటి వచ్చి చేరినది. హైదరాబాదు మొదలైన మన పట్టణములలో పక్షులనమ్ము అంగళ్లలో పసుపు, నారింజ రంగులతో మెరయుచు చూపరుల కాళ్లకు బంధము వేయు ఆ పక్షి పేరు కొన్యూరు.

ఈ పక్షి యింటికి వచ్చు విధము ఇంచుమించుగా ప్రతి యింట నొక్కటే. పిల్లలు అడిగెదరు, తండ్రి కొని తెచ్చును, నెల తిరుగక మునుపే పంజరము కడుగుట, నీళ్లు మార్చుట, అరపులు వినుట తల్లి వంతుకు వచ్చును. పిల్లి యైనను, కుక్క యైనను పది పదునైదేండ్ల సంబంధము. కొన్యూరు బాగుగ చూచుకొన్నచో ఇరువది యేండ్లు, ఒక్కొక్కటి ముప్పదియేండ్ల వరకు కూడ జీవించును. నేడు పదేండ్ల బాలిక మారాము చేసి కొనిపించిన చిలుక, ఆమె పెండ్లియై అత్తవారింట పిల్లలతో నున్ననాడు కూడ మన వసారాలోనే కూర్చుండి ఆమెను పిలుచుచుండును. కావున కొనవలయునా వలదా యను మాట అడిగినవారిది గాని, డబ్బిచ్చినవారిది గాని కాక, చాకిరి చేయబోవు గృహిణిది కావలెనని నా యభిప్రాయము. ఆ మాట తెలిసి చెప్పుటకై కొన్యూరులన్నియు ఒక్కటి కావని ముందుగా ఎరుగవలెను.

కొన్యూరు అనునది ఒక్క పక్షి పేరు కాదు. మెక్సికో మొదలు దక్షిణామెరికా దక్షిణపు కొన వరకు గల అడవులలోను, మైదానములలోను నివసించు అనేక జాతుల చిలుకలకు ఇది ఉమ్మడి పేరు. పూర్వము పక్షిశాస్త్రజ్ఞులు వీనికి కోనూరస్ అను నామము పెట్టిరి. శంకువు వంటి తోక గలది యని దాని యర్థము. ఆ శాస్త్రనామము నేడు వాడుకలో లేదు. ఈ చిలుకలను విడివిడి ప్రజాతులుగా విభజించినారు. పేరు మాత్రము పెంచువారి నోట నిలిచిపోయినది. పొడవైన మొనతేలిన తోక, దేహమునకు మించిన ముక్కు, కంటి చుట్టును ఈకలు లేని వలయము, ఎడతెగని కుతూహలము: ఇవి వీనిలో ఇంచుమించుగా అన్నింటికి గల గుర్తులు. మాటలాడుటలో మాత్రము ఇవి మన రామచిలుకకు సాటి రావు. నాలుగైదు మాటలు, అవియు బొంగురు గొంతుకతో పలుకును. పలుకుల కొరకు కొన్యూరును కొన్నవారు ఆశాభంగము పొందుదురు.

మన యంగళ్లలో ముఖ్యముగ కానవచ్చునవి రెండు రకములు: సన్ కొన్యూరు, గ్రీన్ చీక్ కొన్యూరు. ఈ రెంటికి గల భేదమే గృహిణి ముఖ్యముగ తెలిసికొనవలసినది.

సన్ కొన్యూరు అనగా సూర్యుని చిలుక. పేరునకు తగినదే రంగు. తల, రొమ్ము, వీపు బంగారు పసుపు. ముఖమునను కడుపునను నారింజ యెరుపు. రెక్కల చివరను ఆకుపచ్చ, నీలము. ముక్కు నలుపు. అడుగు పొడవు, నూరు గ్రాములకు కొంచెము పైబడిన బరువు. అంగడిలో నున్న పిల్లకు ఈ వన్నె పూర్తిగా నుండదు. దాని యొడలిపై ఆకుపచ్చ మచ్చలు హెచ్చు. ఏడాదిన్నర, రెండేండ్లు నిండిన పిమ్మట గాని అసలు రంగు తేలదు. దీని స్వస్థలము ఉత్తర బ్రెజిలులోని రొరైమా ప్రాంతము, దాని ప్రక్కనున్న గయానా దేశపు దక్షిణభాగము. పంజరములలో లక్షోపలక్షలుగా పెరుగుచున్న ఈ పక్షి తన పుట్టింట మాత్రము నేడు మిక్కిలి అరుదై, నశించిపోవు ప్రమాదమున నున్న జాతులలో లెక్కింపబడుచున్నది. అందమే దాని పాలిటికి శత్రువైనది. అమ్ముటకై వలలు పన్ని పట్టుటయే ఆ క్షీణతకు ప్రధానకారణము.

రంగు చూచి కొందురు. గొంతుక ఇంటికి వచ్చిన పిమ్మట వినబడును. సన్ కొన్యూరు అరపు సామాన్యమైనది కాదు. చెవిలో సూది గ్రుచ్చినట్లు తీక్ష్ణముగ నుండును. మూడవ యింటి వరకు వినవచ్చును. ఉదయము, సాయంకాలము అరచుట దానికి నిత్యకృత్యము. ఒక గోడ యుమ్మడిగా గల అపార్టుమెంటు కాపురములలో, పరీక్షలకు చదువు పిల్లలున్న చోట, మంచమున పడిన వృద్ధులున్న యింట, చంటిబిడ్డ నిద్రించు గదికి ప్రక్కన ఇది తగదు. ఈ మాటను అంగడివారు చెప్పరు. అంగడిలో నూరు పక్షుల కలకలములో ఒకదాని గొంతుక తెలియదు కూడ.

ఈ యరపునకు కారణము దుష్టస్వభావము కాదు. అడవిలో ఈ పక్షులు గుంపులుగా తిరుగును. చెట్ల గుబురులో ఒకదానికొకటి కనబడనప్పుడు "నేనిక్కడ నున్నాను, నీవెక్కడ?" అని పిలుచుకొనుట వాని బ్రతుకు. ఇంటిలో గుంపు మనమే. గృహిణి వంటయింటిలోనికి పోయి కంటికి మరుగు కాగానే అది పిలుచును. జవాబు లేనిచో గట్టిగ పిలుచును. అప్పుడు విసిగి పరుగున వచ్చి "ఊరకుండు!" అని కేకవేసినచో, అరచినంతనే అమ్మ వచ్చునను పాఠము దానికి వచ్చును. గుడ్డ కప్పుట, పంజరమును కొట్టుట వలన భయము పెరుగునే కాని అరపు తగ్గదు. దానికి బదులుగా, ఉన్నచోట నుండియే మెల్లగ ఈలవేసి గాని, ఒకే మాటను పలికి గాని జవాబియ్యవలెను. అది మెల్లగ పలికినప్పుడు దగ్గరకు పోవలెను. కేకలు వేయునప్పుడు పోరాదు. ఓపికతో కొన్ని వారములు సాగించినచో చాల పక్షులు ఈలకు ఈల బదులిచ్చుటకు అలవాటు పడును. ఐనను సన్ కొన్యూరు అరపు తగ్గును గాని మానదు. ఆ యాశతో కొనరాదు.

ఇక గ్రీన్ చీక్ కొన్యూరు, అనగా ఆకుపచ్చ బుగ్గల చిలుక. ఇది బొలీవియా, పశ్చిమ బ్రెజిలు, ఉత్తర అర్జెంటీనా ప్రాంతముల అడవిపక్షి. సన్ కొన్యూరు కంటె చిన్నది. పదంగుళముల పొడవు, డెబ్బది గ్రాములకు అటునిటుగా బరువు. గోధుమవన్నె తల, రొమ్మున పొలుసుల వంటి చారలు, ముదురెరుపు తోక. దూరము నుండి చూచిన సాధారణముగ కనబడును. చేతిపై నున్నప్పుడు గాని దీని సొగసు తెలియదు. దీని గొంతుక కొంత గరగర లాడునే కాని గోడలు దాటునంతటిది కాదు. ఆటలలో దీనికి సాటి లేదు. వెల్లకిల పడుకొని కాళ్లతో బంతిని త్రిప్పును. చొక్కా జేబులో దూరి నిద్రించును. పమిటచెంగు మాటున చేరి తల మాత్రము బయట పెట్టి చూచును. అయితే దీనికి కొరుకు అలవాటు హెచ్చు. ముఖ్యముగ యుక్తవయస్సు వచ్చు కాలమున, అనగా మొదటి యేడాది దాటిన పిమ్మట, నిన్నటి దాక ముద్దులాడిన పక్షియే నేడు వ్రేలు పట్టి రక్తము కనునట్లు కొరుకును. అప్పుడు కొట్టినను, పెద్దగ అరచినను దానికది వేడుక యగును. మాటాడక దానిని దించి కొంతసేపు ముఖము త్రిప్పుకొనుటయే మందు.

గ్రీన్ చీక్ విషయమున నింకొక మాట. పైనాపిల్, సిన్నమన్, టర్కాయిస్ అని పలు పేర్లతో రంగురంగుల పిల్లలను చూపి, ఒకదానికంటె నొకటి గొప్ప జాతి యని వెల హెచ్చించి చెప్పుదురు. ఇవి వేరు జాతులు కావు. పెంపకములో పుట్టిన రంగు భేదములే. రంగునుబట్టి స్వభావము మారదు; మచ్చికయు, ఆరోగ్యమును చూచి ఎన్నుకొనవలెను గాని రంగునకు రెట్టింపు సొమ్ము పోయుట అనవసరము. ఆడ మగ భేదము కూడ చూపునకు తెలియదు. ఈకను గాని రక్తపు బొట్టును గాని పరీక్షకు పంపి తెలిసికొనవలసినదే. "ఇది ఖాయముగా జంట" అని అమ్మువాడు చెప్పిన మాటకు పరీక్షాపత్రము లేనిచో విలువ లేదు.

మిగిలిన రకములు మనకు అరుదు. జెండే కొన్యూరు సన్ కొన్యూరుకు చెల్లెలి వంటిది; రెక్కలు పూర్తిగా ఆకుపచ్చ, గొంతుక అక్కగారిదే. నాండే కొన్యూరుకు తల నలుపు, తొడలకు ఎర్రని మేజోళ్లు తొడిగినట్లుండును, అదియు అరపరియే. బ్లూ క్రౌన్ కొన్యూరుకు ముఖము నీలము, మాటలు కొంచెము మేలు. 1998లో వచ్చిన పాలీ యను ఆంగ్ల చిత్రములోని మాటకారి చిలుక ఈ జాతిదే. పటగోనియా కొన్యూరు మూరెడు పొడవు. సముద్రతీరపు మట్టికొండలలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. బంగారు కొన్యూరు అమెజాను అడవుల సొత్తు. అంతర్జాతీయ ఒడంబడికలో అత్యంత రక్షణ గల మొదటి అనుబంధమున నున్నది. దానిని కొనవలయునను తలంపే మానుకొనుట మేలు.

ఉత్తరామెరికాలో కూడ ఒకప్పుడు ఈ వంశపు పక్షి యుండెడిది. పసుపు తలయు, ఆకుపచ్చ మేనును గల ఆ కరొలైనా చిలుక సన్ కొన్యూరుకు దగ్గరి బంధువు. తోటల పండ్లు తినుచున్నదని రైతులు కాల్చిరి. స్త్రీల టోపీలపై అలంకారముగా ఈకలు కావలెనని వేటగాండ్రు కాల్చిరి. ఒక పక్షి నేల గూలినచో మిగిలిన గుంపు పారిపోక దాని చుట్టు తిరిగి వచ్చి విలపించుచుండెడిది. అందుచేత గుంపునకు గుంపు ఒకేచోట హతమయ్యెడిది. పంజరమునందలి కట్టకడపటి పక్షి, ఇంకస్ అను పేరు గలది, 1918 ఫిబ్రవరి 21న సిన్సినాటి జంతుశాలలో మరణించెను. అంతకు కొన్ని నెలల ముందే దాని జంట పోయినది. మనలను వదలి యుండలేక పిలుచు కొన్యూరు అరపును విసుగుకొనునప్పుడు నాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును. రెండును ఒకే స్వభావమునకు రెండు ముఖములు.

ఏ రకమును తెచ్చుకొన్నను మన యిండ్లలో దాని ప్రాణమునకు మొదటి భయము పిల్లి కాదు, వంటయిల్లు. ఈ మాట విన్నవారికి విచిత్రముగ తోచవచ్చును. పక్షి ఊపిరితిత్తులు మనవాని వంటివి కావు. వానితో కూడ దేహమంతట గాలిసంచులుండి, లోనికి పోవునప్పుడును, వెలికి వచ్చునప్పుడును గాలి ఊపిరితిత్తులగుండ ప్రసరించును. ఎగురుటకు కావలసిన ప్రాణవాయువు ఇట్లు సమృద్ధిగ దొరకును. విషవాయువు కూడ అంతే త్వరగ ఎక్కును. బొగ్గుగనులలో విషవాయువును కనిపెట్టుటకై బ్రిటనులో 1986 దాక కెనరీ పిట్టలను దింపెడివారనినచో ఈ సంగతి అర్థమగును.

నేడు అనేక వంటయిండ్లలో దోసెలకు నాన్‌స్టిక్ పెనము వాడుచున్నారు. ఆ పెనము ఖాళీగా పొయ్యిమీద నుండి మితిమీరి కాగినచో దాని పూత నుండి కంటికి కనబడని, ముక్కునకు తెలియని ఆవిరి వెడలును. మనకు తలనొప్పి యైనను రాకపోవచ్చును. ప్రక్కగదిలోని చిలుక మాత్రము నిమిషములలో ఎగరోజి నేల కూలును. వైద్యుని పిలుచుటకు కూడ వ్యవధి యుండదు. కావున కొన్యూరు గల యింట ఇనుప పెనము, స్టీలు గిన్నెలు, మట్టిపాత్రలు వాడుట శ్రేయము. మన పెద్దల యినుప దోసెపెనమును అటుకమీద నుండి దింపుకొనుటకు ఇది మంచి సాకు! నాన్‌స్టిక్ పూత కొన్ని ఇస్త్రీపెట్టెలకు, కాల్చుపొయ్యిలకు కూడ నుండును, చూచి కొనవలెను.

పూజాగృహపు ధూపము, సాంబ్రాణి, అగరుబత్తి, రాత్రివేళ వెలిగించు దోమలబత్తి, బొద్దింకలకు చిమ్ము మందు, మిరపకాయల తాలింపు ఘాటు: ఇవి యన్నియు ఎక్కువయో తక్కువయో దాని గాలిసంచులకు హాని చేయునవే. దేవునికి ధూపము వేయవలదని నేననుట లేదు. పంజరమును ఆ గాలి సోకని గదిలో నుంచి, కిటికీలు తెరచి, పొగ పోయిన పిమ్మట తెచ్చుకొనవలెను. దీపావళినాడు బాణసంచా మోతయు పొగయు రెండును చేటే.

ఆహారము కొరకు గృహిణికి గొప్ప శ్రమ లేదు. ఒక్క పొద్దుతిరుగుడు గింజలతోనే పెంచుట మన అంగళ్లలో పడిన దురలవాటు. అవి కొవ్వు హెచ్చినవి. విటమిను 'ఏ' బహుస్వల్పము. కేవలము వానినే తిన్న పక్షికి కాలేయము క్రొవ్వి, శ్వాసరోగములు సులభముగ వచ్చును. చిలుకలకని తయారుచేయు పెల్లెట్లు ప్రధానముగ నుంచి, మునగాకు, తోటకూర, కొత్తిమీర, క్యారెట్టు, తీపిగుమ్మడి, లేత మొక్కజొన్న, మొలకెత్తిన పెసలు ప్రతి ఉదయము పెట్టవలెను. జామ, బొప్పాయి, దానిమ్మ కొంచెము చాలును. పచ్చిమిరపకాయ పెట్టినను సంతోషముగ తినును. కారము పక్షుల నాలుకకు తెలియదు. అవొకాడో పండు, చాక్లెట్టు, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి ఎన్నడును పెట్టరాదు. వీనిలో అవొకాడో, చాక్లెట్టు ప్రాణాపాయకరములు. ఉప్పు వేసిన పప్పన్నము, ఊరగాయ అన్నము ముద్దుగా ముక్కునకందించు అలవాటు వలదు. ఆపిలు పండు పెట్టునప్పుడు గింజలు తీసివేయవలెను.

పంజరము రెండడుగుల పొడవు వెడల్పులకు, రెండున్నర అడుగుల ఎత్తునకు తగ్గరాదు. ఊచల సందు ముప్పాతిక అంగుళమునకు మించరాదు. తుప్పు పట్టినది, రంగు పెచ్చులూడునది, జింకుపూత రాలునది పనికిరావు. చిలుక ఊచలను కొరుకుచునే యుండును గనుక ఆ లోహము కడుపులోనికి పోవును. నున్నని కర్రలకు బదులు వంకరటింకరగా నున్న జామకొమ్మలు కట్టినచో పాదములకు సుఖము, ముక్కునకు పని. బయట విడుచునప్పుడు మొదట సీలింగు పంకా నిలుపవలెను. పిమ్మట కిటికీలు మూయవలెను. ఆ వరుస తప్పరాదు. రాత్రి పది పండ్రెండు గంటల చీకటియు నిశ్శబ్దమును దానికి కావలెను. టెలివిజను గదిలో అర్ధరాత్రి దాక మేలుకొన్న పక్షి మరునాడు కొరకక ఏమి చేయును? మన వేసవిలో రెక్కలు ఎడముగా పట్టి, ముక్కు తెరచి ఒగర్చుచున్నచో వెంటనే నీడకు చేర్చి, నీటితుంపరలు చల్లవలెను.

కొనునప్పుడు పెద్ద ప్రమాదమొకటి కలదు. కన్నులు తెరచి, ఈకలు సగము వచ్చిన పిల్లను ఇచ్చి, "మీ చేతితో తినిపించినచో మీకే మచ్చిక యగును" అని అమ్ముదురు. ఇది నమ్మదగిన మాట కాదు. చేతితో పోయు గంజి కొంచెము వేడి యెక్కినచో అన్నాశయము కాలును. చల్లనైనచో జీర్ణము కాక పులియును. తొందరపడినచో శ్వాసనాళములోనికి పోయి పిల్ల చేతిలోనే ప్రాణము విడుచును. నేర్పరులు చేయవలసిన పని యిది. తనంతట తాను తినుట పూర్తిగా నేర్చిన పిల్లనే కొనవలెను. మచ్చిక పిమ్మటను అగును. సహనముతో గింజను చేతినుండి అందించుచున్నచో పెద్ద పక్షియు చేరువగును.

రోగమును దాచుట పక్షుల స్వభావము. ముడుచుకొని పంజరపు అడుగున కూర్చుండు నాటికి రోగము ముదిరినదని యెరుగవలెను. వంటయింటి చిన్న త్రాసుపై వారమునకొకమారు తూచి, గోడక్యాలెండరుపై వ్రాసికొనుట కంటె మేలైన ఉపాయము లేదు. డెబ్బది గ్రాముల పక్షి ఏడు గ్రాములు తగ్గినచో, చూచుటకు ఎంత చలాకీగ నున్నను పక్షివైద్యుని యొద్దకు పోవలెను. ఒంటరి ఆడపక్షి కూడ గ్రుడ్లు పెట్టవచ్చును. సున్నము చాలనిచో గ్రుడ్డు అడ్డుపడి ప్రాణము మీదికి వచ్చును. వీపు నిమురుట దానిని గ్రుడ్లకు ప్రేరేపించును గనుక తల, మెడ మాత్రమే నిమురవలెను. చిలుకజ్వరము పక్షినుండి మనుష్యులకు అంటును. 1929-30లలో దక్షిణామెరికా చిలుకల వలన ఐరోపాయందును, అమెరికాయందును ఇది వ్యాపించి పలువురిని బలిగొన్నది. నేడు మందులు గలవు. ఐనను రెట్ట ఎండి దుమ్ముగా లేవకుండ తడిపి శుభ్రము చేయవలెను. ఆ పని గర్భిణులకు అప్పగింపరాదు. చిలుక గల యింట జ్వరము, పొడిదగ్గు వదలనిచో ఇంట చిలుక గలదని వైద్యునకు మరువక చెప్పవలెను.

చట్టపు సంగతి యొకటి మిగిలినది. కొన్యూరు విదేశపు పక్షి గనుక ఉంచుకొనుట నేరము కాదు. కాని లెక్క చెప్పవలెను. వన్యప్రాణి చట్టమునకు 2022లో చేసిన సవరణయు, 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నియమములును అనుసరించి, అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలలో నున్న జీవులను పెంచువారు పరివేష్ అను ప్రభుత్వపు అంతర్జాల ద్వారమున నమోదు చేయించుకొనవలెను. సన్, గ్రీన్ చీక్ రెండును ఆ పట్టికలో నున్నవే. అమ్మువాని యొద్ద ఆ పత్రమును అడుగుడు. లేదన్నచో మరియొక చోటికి పొండు. పక్షి పిల్లలు పెట్టినను, మరణించినను, మరొకరికి ఇచ్చినను తెలియజేయవలెను. అరపు భరింపలేక రెండు మూడేండ్ల సన్ కొన్యూరును ఇచ్చివేయు కుటుంబములు కలవు. విశాలమైన పెరడును, ఓపికయు గల గృహిణి అట్టి దానిని తెచ్చుకొన్నచో పిల్లను కొనుట కంటె మంచిదే, ఏలయన దాని గొంతుకను ముందే వినవచ్చును. అప్పుడును నమోదు పత్రము పాత యజమాని పేరు నుండి తన పేరునకు మారినదాకా చూచుకొనవలెను.